నీలం డ్రమ్ము

మా ఇంటి ఓనరు ఆంటీ తన ముందు గదిలోకి అందరినీ రానివ్వరు. పై అంతస్తులో అద్దెకుంటున్న నాకే ఆ భాగ్యం కలగడానికి పదకొండు నెలలు పట్టింది. సోఫాకి కొన్ననాటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంటుంది. గంజి పెట్టి నిలబెట్టిన దారపు అల్లికలు, వాటి మధ్య గాజు చేపలు, గోడకి ప్రభువు రాత్రి భోజనం పటం. మన ఇళ్లలో షోకేసుకి ఎంత మర్యాదో అక్కడ గది మొత్తానికీ అంత మర్యాద. అలాంటి గదిలో తలుపు వెనక నడుమెత్తు నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి ఉంది. లేసు గుడ్డ కప్పి, పైన పూలకుండీ పెట్టారు గానీ డ్రమ్ము డ్రమ్మే కదా. దక్షిణ లండన్‌లో నీళ్లు పట్టి దాచుకోవాల్సిన అవసరం ఏమొచ్చిందా అనుకున్నాను. రాజోలు బుర్ర అంతకంటే ముందుకి పోలేదు.

అడిగితే ఆంటీ చాలాసేపు నవ్వారు. కుండీ దించి, గుడ్డ మడిచి, మూత తీసి చూపించారు. అది ఆగస్టు నెల. డ్రమ్ము అప్పటికి మూడో వంతు నిండింది. అక్టోబర్ మొదటికల్లా నిండితే ఓడెక్కించొచ్చు, క్రిస్మస్‌కి కరీబియన్ దీవి జమైకాలో ఆంటీ సొంత ఊరు చేరుతుంది.

నింపడంలో ఒక లెక్క ఉంది. ఓడలో పంపేవాళ్లు డ్రమ్ముకింత అని తీసుకుంటారు గానీ కిలోకింత అని కాదు. లోపల ఖాళీ మిగిలితే గాలికి డబ్బు కట్టినట్టే. అందుకని అడుగున బియ్యం, నూనె డబ్బాలు, టిన్ను చేపలు. వాటి సందుల్లో బట్టల సబ్బులు, టూత్‌పేస్టులు. ఆ పైన తువ్వాళ్లు, దుప్పట్లు, స్కూలు బట్టలు. బూట్లలో సాక్సులు, సాక్సుల్లో చాక్లెట్లు. సర్ఫు ప్యాకెట్లని రెండు కవర్లలో చుట్టి టేపు వేస్తారు, లేకపోతే బియ్యం సర్ఫు వాసన వస్తుందట. ఊళ్లో ఉన్న ఆంటీ కూతురు చెప్పేదాన్నిబట్టి ఎన్ని కవర్లు చుట్టినా వస్తుంది. మొదటి రెండు పూటలూ అన్నం సర్ఫు వాసనేనట.

ఆంటీ ఒకేసారి బజారుకి వెళ్లి సామాను తేరు. వారానికి రెండు వస్తువులు, ఎక్కడ ఆఫరుంటే అక్కడ. 'వన్ వన్ కోకో ఫుల్ బాస్కెట్' అంటారు. కోకో అంటే మన చేమదుంప లాంటి దుంప. ఒక్కో దుంపా వేస్తేనే బుట్ట నిండుతుందని.

నేను ఈ డ్రమ్ము తరఫున వాదించడానికి కూర్చున్నాను. ఎందుకంటే దాని పేరు మీద ఒక మాట ఉంది, ఆ మాటతో నాకు తగాదా ఉంది.

నేను పనిచేసే ఆస్పత్రిలో ఒకరోజు ట్రైనింగ్ పెట్టారు. వలస కుటుంబాల పిల్లల గురించి. తెర మీద ఒక స్లైడు వచ్చింది: 'బారెల్ చిల్డ్రన్'. పీపా పిల్లలు. పీపా అంటే ఈ డ్రమ్మే. తల్లులు పని కోసం విదేశాలకి వెళ్లిపోతే అమ్మమ్మల దగ్గర పెరిగి, ప్రేమకి బదులు పీపాల్లో సామాను అందుకునే పిల్లలని వివరణ. చెప్పిన అమ్మాయికి దురుద్దేశమేమీ లేదు. పక్కన కూర్చున్నవాళ్లు అయ్యో అన్నట్టు తలలూపారు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. 'ప్రేమకి బదులు' అట. ఎవరు చూశారు?

మాట పుట్టించినవాళ్ల మీద నాకు కోపం లేదు, అది ముందే చెప్పాలి. వెస్టిండీస్ విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ పాఠాలు చెప్పిన క్లాడెట్ క్రాఫర్డ్-బ్రౌన్ 1990లలో దీన్ని వాడుకలోకి తెచ్చారు. పిల్లల మీద దయతోనే తెచ్చారు. కాళ్లకి ఖరీదైన బూట్లుండి, సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎక్కడికి వెళ్లావని అడిగే మనిషి లేని పిల్లల్ని దగ్గరగా చూసి చెప్పిన మాట అది. ఆ పిల్లలు నిజం, వాళ్ల బాధా నిజమే. కానీ మాట పుట్టినచోటే ఉండదు కదా. ఇప్పుడు అది తల్లి మీద వేసే ముద్ర అయిపోయింది. పిల్లల్ని వదిలేసి సామాను పంపింది అనే రెండు ముక్కల కథగా మిగిలింది. ఆ తల్లిని అక్కడికి రప్పించినవాళ్లూ, బిడ్డని తెచ్చుకోనివ్వనివాళ్లూ ఆ కథలో ఎక్కడా కనపడరు.

ఆంటీ కథే చెప్తాను. సెయింట్ ఎలిజబెత్ అని జమైకా నైరుతి వైపు జిల్లా. దేశానికి కూరగాయలు పెట్టే ఎర్రమట్టి నేల. 1967లో అక్కడినుంచి నర్సు ట్రైనింగుకని లండన్ వచ్చారు. అప్పటికి ఆవిడకి పంతొమ్మిదేళ్లు, కూతురికి రెండు. పాపని తన తల్లి దగ్గర వదిలి వచ్చారు. రెండేళ్లలో తిరిగొచ్చేస్తానని చెప్పారట.

అప్పటికే ఈ దారి బాగా నలిగి ఉంది. 1948 జూన్ 22న 'ఎంపైర్ విండ్‌రష్' ఓడ టిల్బరీ రేవులో మనుషుల్ని దింపింది. వాళ్లలో ఎక్కువమంది జమైకావాళ్లు. ఆ తర్వాత పదమూడో రోజున, జులై 5న, బ్రిటన్‌లో అందరికీ ఉచిత వైద్యమిచ్చే ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది. వార్డులు నడపడానికి చేతులు కావాలి, కరీబియన్ దీవుల్లో ఆ చేతులున్నాయి. అయితే ఆ దీవులనుంచి వచ్చిన అమ్మాయిల్లో చాలామందిని మూడేళ్ల పూర్తి నర్సు కోర్సుకి కాకుండా రెండేళ్ల చిన్న కోర్సుకి తోసేవారు. దాన్ని ఎస్‌ఈఎన్ అనేవారు. ప్రమోషన్ లేని కోర్సు. పైగా సొంత ఊరు తిరిగి వెళ్తే ఆ కాగితానికి విలువుండదు. తేడా ఏమిటో ఆంటీకి వచ్చేదాకా తెలీదు. ఎవరూ చెప్పలేదు. బెడ్‌పాన్లు కడుగుతూ తెలుసుకున్నానంటారు. రెండేళ్లలో తిరిగి వెళ్లడం అనే మాట అక్కడే పోయింది.

పాపని తీసుకొద్దామంటే రూలు అడ్డం. పిల్ల తండ్రి ఊళ్లోనే ఉన్నాడు. ఒంటరి తల్లి తన బిడ్డని ఇంగ్లండ్ పిలిపించుకోవాలంటే బిడ్డ బాధ్యత పూర్తిగా తనదొక్కదానిదేనని రుజువు చేయాలి. ఈ రూలు ఇప్పటికీ పుస్తకంలో ఉంది. ఆంటీ 1974లో అర్జీ పెట్టారు. పెంచుతున్నది అమ్మమ్మ కదా, నీ బాధ్యత ఎక్కడుందన్నారు. ఏడేళ్లుగా పంపిన మనీ ఆర్డర్ల రసీదులు బల్ల మీద పరిచినా ఒప్పుకోలేదు. అంటే డబ్బు పంపితే అది పెంపకం కాదని ఆఫీసు అంటుంది. ఆ ఆఫీసే పొమ్మన్నాక సామాను పంపితే, పెంపకానికి బదులు సామాను పంపిందని లోకం అంటుంది. ఇక ఆ మనిషి ఏం చేయాలి?

కెనడాది ఇంకా నిక్కచ్చి. 1955లో అక్కడి ప్రభుత్వం ఇంటి పనికని కరీబియన్ ఆడవాళ్లని తీసుకోవడం మొదలుపెట్టింది. మొదటి విడత వందమంది, అందులో 75 మంది జమైకన్లు. వయసు 18 నుంచి 35 లోపు ఉండాలి, పెళ్లి కాకూడదు, పిల్లలుండకూడదు. వేరేవాళ్ల పిల్లల్ని పెంచడానికి వెళ్లేవాళ్లకి సొంత పిల్లలుండకూడదన్నమాట. ఆ రోజుల్లో చాలామంది తల్లులు ఫారంలో పిల్లల పేర్లు రాయలేదు. 1970లలో, పిల్లలున్నట్టు ముందు చెప్పలేదన్న కారణంగా ఏడుగురు జమైకన్ తల్లుల్ని వెనక్కి పంపబోయారు. వాళ్లు కోర్టులకెక్కారు, వీధుల్లోకొచ్చారు. చివరికి 1979లో ఉండొచ్చన్నారు. కాగితం మీద బిడ్డ పేరు రాయకుండా చేసిన రూలుకి ఎవరూ ముద్దుపేరు పెట్టలేదు. పీపాకి మాత్రం పెట్టారు.

నిజానికి ఆంటీ కూతురి చిన్నప్పుడు పీపాలు అంతగా లేవు. పోస్టులో పార్సిళ్లు పంపేవారు. 1970ల చివర్లో జమైకాలో డాలర్లు కరువై దిగుమతులు ఆగిపోయాయి. బియ్యం, సబ్బు, నూనె, ఉప్పుచేప దొరక్క షాపుల్లో అరలు ఖాళీ అయ్యాయి. అప్పుడు పీపా వచ్చింది. ఆంటీ మొదటి పీపాలో సగం బట్టల సబ్బులేనట. అది షోకు సామాను కాదు, ఊరికి రేషను. ఇప్పటికీ ఆంటీ డ్రమ్ము ఒక్క ఇంటికి పోదు. పక్కింటి ముసలాయనకి కళ్లద్దాల పెట్టె, చర్చి పిల్లలకి పెన్సిళ్లు, కూతురింటికి మిగతావి. ఎవరికి ఏది అన్నది కాగితం మీద రాసి మూత లోపల అంటిస్తారు.

ఇక నా సంగతి. ఇన్ని మాటలు చెప్తున్నదాన్ని, నా పెట్టె కూడా విప్పాలి కదా.

మా అమ్మ 1994లో కువైట్ వెళ్లింది. అప్పటికి నాకు ఏడేళ్లు. కోనసీమలో ఇది విచిత్రమేమీ కాదు. మా వీధిలోనే నలుగురు అమ్మలు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్లల్లో పనికి ఉండేవాళ్లు. కడప వైపు ఇంకా ఎక్కువ. అమ్మమ్మ దగ్గర పెరిగాను. ఏడాదికోసారి ఎవరో ఒకరు వస్తూ అమ్మ ఇచ్చిన అట్టపెట్టె తెచ్చేవారు. పాలపొడి డబ్బా, పులిబొమ్మ దుప్పటి, సెంటు, టార్చిలైటు, బాదం పప్పు, నాకు బూట్లు. పెట్టె విప్పగానే ఒక వాసన కొట్టేది. సబ్బూ సెంటూ కలిసిన ఫారిన్ వాసన. జమైకన్లు కూడా బయటి దేశాన్ని ఫారిన్ అనే అంటారు, 'ఎ ఫారిన్' అని కొంచెం సాగదీసి. సొంత ఊరినేమో 'యార్డ్' అంటారు, అంటే మన వాకిలి. ప్రపంచాన్ని వాకిలి, ఫారిన్ అని రెండు ముక్కలు చేసుకున్నవాళ్లు ఇంకొకరున్నారని తెలిసినప్పుడు నాకు వింత సంతోషం కలిగింది.

అమ్మ నాలుగేళ్ల తర్వాత సెలవు మీద వచ్చింది. బస్సు దిగిన మనిషిని చూసి నేను అమ్మమ్మ కొంగు పట్టుకుని వెనక్కి నక్కాను. ఆ రాత్రి అమ్మ పక్కన పడుకోనన్నాను. ఆంటీ కూతురు ఇప్పటికీ ఆంటీని పేరు పెట్టే పిలుస్తుంది, ముందు 'మిస్' చేర్చి. 'మామా' అన్న పిలుపు ఎప్పుడో పోయిన అమ్మమ్మదే. నలభయ్యేళ్లు దాటాక కూడా నోరు తిరగలేదట. అందుకే పిల్లలకి ఏమీ కాలేదని నేననను. అయింది. కానీ ఆ దెబ్బ పెట్టె కొట్టింది కాదు. పెట్టె రాని ఏడాది చూస్తే తెలిసేది. రామచిలకల్లాంటి మేం నలుగురు పిల్లలం, ఎవరి పెట్టె ఆలస్యమైతే వాళ్లం కిక్కురుమనేవాళ్లం కాదు.

ఆంటీతో నాకు పరిచయం కుదిరింది కూడా తిండి దగ్గరే. మొదటి డిసెంబర్‌లో ఒక సీసాలో ఎర్రటి పానీయం పోసి ఇచ్చారు. పేరు సారెల్. క్రిస్మస్‌కి ప్రతి జమైకన్ ఇంట్లో ఉండాల్సిందే. అల్లం, లవంగాలు, పంచదార, కావాలంటే రమ్ము. ఒక గుక్క తాగాను. నాలుక పక్కల ఒక పులుపు తగిలింది. ఎక్కడో ఎరుగుదును. రెండో గుక్కకి దొరికింది: గోంగూర! అల్లం చాటున నక్కిన గోంగూర. తర్వాత చూస్తే చెట్టు నిజంగా అదే. మనం ఆకు తింటాం, వాళ్లు పువ్వు కింది ఎర్ర తొక్కలు మరిగిస్తారు. మరుసటి వారం నేను గోంగూర పచ్చడి పట్టుకెళ్లాను. ఆంటీ తమ గట్టి బ్రెడ్డు మీద రాసుకుని తిని, ఇంత మంచి ఆకుని మేం ఇన్నేళ్లు పారేశామా అన్నారు. రమ్ము ముట్టని నేను రెండో సీసా అడగలేదుగానీ, అడగాలనిపించింది.

ఆ తర్వాత ఒక్కొక్కటీ బయటపడ్డాయి. లండన్‌లోని బ్రిక్స్‌టన్ మార్కెట్లో కలాలూ అని కట్టలు కట్టి అమ్మేది మన తోటకూర జాతే. ఉల్లిపాయ, మిరపకాయ వేసి వేపుతారు, ఉప్పుచేప కలుపుతారు. క్రిస్మస్ అన్నంలో వేసే గుంగో బఠాణీలు మన కందులు. ఆదివారం మామూలుగా రాజ్మా వేసి కొబ్బరిపాలలో వండుతారు, కందికాయల కాలం వస్తే కందులు. కడుపు నొప్పికి కాచే సెరసీ కషాయం కాకర తీగది. నాకు కాకరాకు రసం పోసిన అమ్మమ్మా, ఆంటీకి సెరసీ పోసిన అమ్మమ్మా ఒకే రకం మొండి మనుషులై ఉంటారు.

దీని వెనక ఓ చరిత్ర ఉంది, పొగరుపడే చరిత్ర కాదు. 1845 మే 10న ఒక ఓడ కలకత్తానుంచి కూలీలతో జమైకా ఓల్డ్ హార్బర్ రేవుకి చేరింది. 1917 దాకా ముప్పైఆరు వేలకి పైగా భారతీయుల్ని అలా చెరకు తోటలకి తీసుకెళ్లారు. ఎక్కువమంది ఉత్తరాదివాళ్లు, కొందరు మద్రాసు రేవు మీదుగా వెళ్లారు. గంజాయి అన్న మాటా, మేక కూరలో పసుపూ వాళ్లతో వెళ్లినవే. ఇంటర్నెట్‌లో మనవాళ్లు ఇది చూసి జమైకా సంస్కృతి మనదే అని మీసం మెలేస్తుంటారు. ఆ మాటకొస్తే అకీ అనే పండు పడమటి ఆఫ్రికానుంచి వచ్చింది, ఉప్పుచేప చలిసముద్రాలనుంచి బానిసల కడుపు నింపడానికి తెచ్చిన చవక సరుకు. ఆ రెండూ కలిపి వండితే జమైకా జాతీయ వంటకమైంది. ఎవరి పెరట్లోంచి వచ్చిందన్నది కాదు, ఎవరు వండి నిలబెట్టారన్నదే లెక్క.

ఈ తిండి గొడవ మధ్యలో ఎందుకంటే, సామాను ఒకవైపే పోదని చెప్పడానికి. ఆంటీ డ్రమ్ము వెళ్తుంది, బదులుగా ఎవరో ఒకరి సూట్‌కేసులో ఊరినుంచి వస్తుంది. నిప్పుల మీద కాల్చి, కాగితంలో చుట్టిన సీమపనస. ఎండబెట్టిన సారెల్. కట్టగట్టిన సెరసీ. కూతురు చేసిన రమ్ము కేకు. సీమపనస కాయ వచ్చినరోజు ఆంటీ ఫోను ఎత్తరు. ముక్కలు కోసి, నూనెలో వేయించి, నించునే తింటారు. ప్రేమకి బదులు సామాను అన్న స్లైడు రాసినవాళ్లు ఆ నిమిషం ఆ వంటగదిలో ఉండాల్సింది.

ఆవిడ ఈ ఇల్లు కొన్నది కూడా ఇలాగే, ఒక్కో దుంపా వేసి. ఆ రోజుల్లో నల్లవాళ్లకి బ్యాంకులు అప్పిచ్చేవి కావు, అద్దెకిచ్చేవాళ్లే కరువు. జమైకన్లు 'పార్డ్‌నర్' వేసుకునేవారు. మనం చీటీ అంటాం. పాట లేని చీటీ. పదిమందో ఇరవైమందో వారానికింత వేస్తారు, దాన్ని 'హ్యాండ్' అంటారు. ఒక్కో వారం ఒక్కరు మొత్తం ఎత్తుకుంటారు, అది 'డ్రా'. డబ్బు పట్టుకునే మనిషిని బ్యాంకర్ అంటారు, ఎక్కువగా చర్చిలో అందరూ నమ్మే పెద్దావిడే ఉంటుంది. కాగితం లేదు, సంతకం లేదు. మన దగ్గర చీటీలు ఎత్తేసి పారిపోయినవాళ్లని చూసినదాన్ని, ఎవరూ మోసం చేయలేదా అని అడిగాను. ఆంటీ నన్ను జాలిగా చూశారు. చేసినవాడు ఆదివారం ఎక్కడికి వెళ్తాడు, అన్నారు.

కొందరు జమైకన్లు పిల్లల్ని తెచ్చుకోగలిగారు, తల్లిదండ్రుల పాస్‌పోర్టు మీద. వాళ్లకేమైందో 2018లో లోకమంతా చూసింది. యాభయ్యేళ్లు ఇక్కడే చదివి, పని చేసి, పన్ను కట్టిన మనుషుల్ని నువ్వు ఇక్కడివాడివేనని ఏడాదేడాదికీ ఆధారం చూపించమన్నారు. వాళ్లు దిగిన రోజుల్లో రాసిన ల్యాండింగ్ కార్డుల్ని 2010లో ప్రభుత్వమే పారేసింది. ఉద్యోగాలు పోయాయి, వైద్యం ఆగింది, కొందరిని దేశం దాటించారు. హోంమంత్రి రాజీనామా చేసింది. వదిలి వచ్చినా తప్పే, తెచ్చుకున్నా తప్పే.

పోనీ అంతా అయ్యాక ఊరు వెళ్లిపోయినవాళ్లు? జమైకాలో మాండవిల్ అనే ఊరి చుట్టుపక్కల కొండల మీద తిరిగి వెళ్లినవాళ్ల పెద్ద పెద్ద ఇళ్లున్నాయి, కిటికీలన్నిటికీ ఇనుప గ్రిల్లులు. అక్కడ వాళ్లని ఇంగ్లిషువాళ్లు అంటారట. ఆంటీ స్నేహితురాలు ఒకావిడ వెళ్లి రెండేళ్లకే తిరిగొచ్చేసింది. దాని గురించి అడిగితే వాతావరణం మాట్లాడుతుంది.

ఇదంతా పాత కథ అనుకునేవాళ్లకి ఒక తేదీ చెప్తాను. 2024 మార్చి 11. ఆ రోజునుంచి బ్రిటన్‌కి కేర్ వర్కర్లుగా వచ్చేవాళ్లు పిల్లల్నీ, భర్తనీ భార్యనీ తెచ్చుకోకూడదని రూలు మార్చారు. వచ్చి మా ముసలివాళ్లని చూసుకోండి, మీ పసివాళ్లని మాత్రం అక్కడే ఉంచండి. నాకు తెలిసిన పశ్చిమ గోదావరి అమ్మాయి ఒకతె ఆ తర్వాతే వచ్చింది. మూడేళ్ల బాబు అత్తగారి దగ్గర. బ్రేకులో మెట్ల కింద కూర్చుని వీడియో కాల్‌లో వాడికి అన్నం తినిపిస్తుంది. అంటే అక్కడ అత్తగారు ముద్ద పెడుతుంటే ఇక్కడ ఈ పిల్ల నోరు తెరుస్తుంది, వాడూ తెరుస్తాడని. వాడికి ఏం పేరు పెడదాం? ఫోను పిల్లాడనా? రూలు రాసినవాళ్ల పేరు పెట్టి పిలవమంటాను నేను.

నాకు ఎదురుచెప్పేవాళ్లున్నారు. మా పెద్దమ్మ కొడుకే అన్నాడు, నువ్వు అమ్మని వెనకేసుకొస్తున్నావు, వెళ్లకుండా ఉండాల్సింది కదా, ఉన్నదేదో తిని ఉండేవాళ్లు అని. ఉన్నదేదో ఏమిటో వాడికీ తెలుసు. జమైకాలో కూడా ఈ మాట అంటారు. కానీ ఏటా విదేశాలనుంచి ఆ దేశానికి వచ్చే సొమ్ము 300 కోట్ల డాలర్లకి పైనే. ఇరవై ఎనిమిది లక్షల జనాభాకి అది చిన్న మొత్తం కాదు. స్కూలు ఫీజులు, రేకులు, మందులు అందులోంచే. వెళ్లినవాళ్లని తిట్టడం సులువు, ఆ డబ్బు లేకుండా బడ్జెట్ వేయమంటే ఎవరూ ముందుకి రారు.

మొన్న 2025 అక్టోబర్ 28న మెలిస్సా తుపాను అయిదో కేటగిరీ బలంతో జమైకా నైరుతి తీరాన్ని కొట్టింది. సెయింట్ ఎలిజబెత్‌లో బ్లాక్ రివర్ ఊరు రూపు లేకుండా పోయింది. ఆంటీ కూతురి ఫోను ఆరు రోజులు మోగలేదు. ఆ ఆరు రోజులూ ఆంటీ ముందు గదిలో సోఫా మీద కూర్చున్నారు. అతిథుల సోఫా మీద, టీవీ కట్టేసి. నేను డ్యూటీ అయ్యాక వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. నాకు 1996 నవంబర్ 6 గుర్తొచ్చింది. కోనసీమలో కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపుకి పడిపోయిన రాత్రి. మేం స్కూలు భవనంలో ఉన్నాం. మేం బతికే ఉన్నామని కువైట్‌లో అమ్మకి ఎన్నాళ్లకి తెలిసిందో నేనెప్పుడూ అడగలేదు. తుపానులో ఉన్నది మేమే అనుకున్నాను.

ఏడో రోజు ఫోను వచ్చింది. మనుషులు క్షేమం, రేకులు లేవు. ఆంటీ ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడకుండా ఫోను పెట్టేసి, డ్రమ్ము మీది కుండీ దించారు. క్రిస్మస్ డ్రమ్ము అప్పటికే ఓడ మీద ఉంది, ఇది కొత్తది. నెలల తరబడి నింపేదాన్ని నాలుగు రోజుల్లో నింపాం. టార్పాలిన్లు, మేకులు, బ్యాటరీ లైట్లు, ఫ్లాస్కు, పిల్లల పారాసిటమాల్. మునిమనవడికి రబ్బరు బూట్లు కావాలి, సైజు ఎంతో. కూతురు ఫోనులో నంబరు చెప్పింది. ఆంటీ ఒప్పుకోలేదు. వాడిని కాగితం మీద నిలబెట్టి చుట్టూ గీసి ఫొటో పెట్టమన్నారు, పక్కన స్కేలు పెట్టి. కంపెనీకో సైజు, పాదం ఒకటే అంటారు.

ఫొటో వచ్చేలోపు బైబిల్ తెచ్చి అందులోంచి మడత పెట్టిన కాగితాలు తీశారు. పల్చటి నీలం ఎయిర్‌మెయిల్ కాగితాలు. ఒక్కోదాని మీద పెన్సిల్‌తో గీసిన చిన్న పాదం, పక్కన సంవత్సరం. 1968, 1969, 1970. అలా తొమ్మిది. మొదటిదాంట్లో బొటనవేలి దగ్గర గీత వంకరపోయింది. పిల్ల కదిలి ఉంటుంది. చక్కిలిగింతలు పుడతాయి కదా పెన్సిల్ తగిలితే. నాకు తెలుసు. నన్ను కూడా పేపరు మీద నిలబెట్టి అమ్మమ్మ గీసేది, కదలకే మొద్దూ అంటూ.

ఆ రాత్రి రాజోలుకి ఫోను చేశాను. అమ్మ ఇప్పుడు అక్కడే ఉంటోంది, మోకాళ్ల నొప్పులతో. అది ఇదీ మాట్లాడి, అమ్మమ్మ పంపేది కదా నా పాదం గీసి, ఆ కాగితాలు ఏం చేశావని అడిగాను.

"ఉన్నాయి, బీరువాలో. 95ది ఉంది, 97ది ఉంది. 96దే లేదు."

"ఏం?"

"తుపాను కదా. అమ్మమ్మ పంపలేదు. అందాజుకి కొన్నాను."

"పెద్దవయ్యాయి."

"అవును, అన్నారు. మరుసటేడు వేసుకున్నావుగా."

వేసుకున్నాను. ముందు దూది పెట్టుకుని, 96లోనే.